అయిదవ కాంటూరు: ఒక సంవాదము

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ, ఆ రెండు మహానదులును తమ ఒండ్రుమట్టితో పూడ్చక విడిచిపెట్టిన పల్లమున నిలిచియున్న కొల్లేటి సరస్సును గూర్చి పాతికేండ్లుగా సాగుచున్న వివాదము, పైకి చూచినంతలో, పటముపై ఒక గీతను ఎచ్చట గీయవలెనన్న వివాదము మాత్రమే. సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తుననున్న కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర, 1999లో ప్రభుత్వము దానిని అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో రాంసర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల జాబితాలో దానికి చోటు దొరకినది. 2006లో ఆ గీతకు లోపలనున్న చేపల చెరువుల గట్లను యంత్రములతోను ప్రేలుడు పదార్థములతోను తెగగొట్టిరి. 2008లో శాసనసభ గీతను మూడడుగులకు దింపవలెనని తీర్మానించగా, పిమ్మట కేంద్రప్రభుత్వము నియమించిన అజీజ్ సంఘము అయిదడుగుల గీతయే ఉండవలెనని చెప్పినది. ఒకరు పైకిని మరియొకరు క్రిందికిని గీతను ఇట్లు లాగుచుండగా, దాని కిరుప్రక్కల బ్రతుకుచున్న లంకగ్రామముల జనము, ఏ యేట ఏ అధికారి ఏ పటము చేతబట్టుకొని వచ్చునో యెరుగక కాలము గడపుచున్నారు.

ఈ సంవాదమున మాటలాడువారు ఇరువురు. ఒకరు డెల్టా మురుగుకాలువల పనులలో ఉద్యోగజీవితమంతయు గడపి విశ్రాంతి తీసికొనుచున్న ఇంజనీరు. రెండవవాడు ఆయన మేనల్లుడు. ఉపగ్రహచిత్రములను కంప్యూటరుపై పటములుగా మలచి నదీపరీవాహక ప్రాంతములకు ప్రణాళికలు సిద్ధపరచు వృత్తిలో నున్నవాడు. ఇరువురకును కొల్లేటిపై గల మమకారము ఒక్కటే గనుకనే వారి వాదము అంత పట్టుదలతో నడచినది. నాకు తోచినచోట నా అభిప్రాయమును నడుమ చెప్పుదును.

మేనల్లుడు: మామయ్యా, కొల్లేటిని కొల్లేటిలోనే బాగుచేయబూనుటవలన ప్రయోజనము లేదు. సరస్సులోనికి దిగు నీరు సుమారు 4,700 చదరపు కిలోమీటర్ల నేలపై కురిసిన వాన. మైలవరము కొండలలో పుట్టిన బుడమేరు, మెరకనుండి దిగి ఏలూరును రెండుపాయలుగా చుట్టివచ్చు తమ్మిలేరు, ఈ వైపున కృష్ణా ఆయకట్టు మురుగు, ఆ వైపున గోదావరి ఆయకట్టు మురుగు, అన్నియు అచ్చటికే చేరును. సముద్రమునకు పోవుటకు మాత్రము ఉప్పుటేరు ఒక్కటే దారి. మెరకన అడవి నరికిన నేమగును, విజయవాడ పల్లములలో ఇండ్లు లేచిన నేమగును, చేపలచెరువు గట్టు ఒక అడుగు హెచ్చిన నేమగును అని ఒక్కొక్క శాఖవారు ఒక్కొక్క పటముపై వెదకుచున్నారు. పక్షులను చూచువాని పటమున దాళ్వా పొలము కనబడదు. కాలువలను చూచువాని పటమున గూడబాతు కనబడదు. వీనినన్నిటిని ఒకే మూలపటముపై పొరమీద పొరగా పరచిననాడు గదా, ఎవరి కోరిక ఎవరి కోరికతో ఎచ్చట ఢీకొనుచున్నదో తేటపడుట! ఇది క్రొత్త ఊహయు కాదు. పలుచని పారదర్శక పత్రములపై ఒక్కొక్క విషయమును ఒక్కొక్క చాయతో గీసి, ఒకదానిపై నొకటి పేర్చి, చాయ చిక్కబడినచోట కట్టడము తగదని తేల్చు పద్ధతిని అమెరికాలో ఇయన్ మెక్‌హార్గ్ 1969లోనే గ్రంథస్థము చేసెను. ఆయన పత్రములతో చేసినదానిని మేము కంప్యూటరుతో చేయుచున్నాము.

మేనమామ: పొరలు పరచుటకు నాకు అభ్యంతరము లేదు నాయనా. అన్నిటికిని అడుగున పరచిన పొర, నేల ఎత్తుపల్లములు తెలుపునది గదా. ఆ ఎత్తులు నీకెట్లు తెలిసినవి?

మేనల్లుడు: 2000 ఫిబ్రవరిలో అమెరికావారి అంతరిక్షనౌక ఒకటి రాడారుతో భూతలమున చాలభాగమును కొలిచినది. 2005లో మన దేశము పంపిన కార్టోశాట్-1 ఒకే చోటును రెండు కోణములనుండి చిత్రించుటచేత మరికొంత నాణ్యమైన ఎత్తులు లభించినవి.

మేనమామ: వానిలో తప్పు ఎంతవరకు ఉండవచ్చును?

మేనల్లుడు: కొన్ని మీటర్ల వరకు.

మేనమామ: మూడడుగుల కాంటూరునకును అయిదడుగుల కాంటూరునకును నడుమగల తేడా రెండడుగులు, నీ లెక్కన అరవై సెంటీమీటర్లు. ఆ అరవై సెంటీమీటర్లలోనే, 308 చదరపు కిలోమీటర్లని ప్రకటించిన మేర సుమారు 135కు పడిపోవును. జిరాయితీ భూములు, డి-ఫారం పట్టాలు, ఊళ్లు, శ్మశానములు, గుళ్లు, అన్నియు ఆ రెండడుగులలోనే ఉన్నవి. మీటర్లలో తప్పు చేయు సాధనముతో సెంటీమీటర్ల తగవును తీర్చుట ఎట్లు? ఆ నేలపై లెవెలు పట్టినవాడను నేను. బెంచిమార్కునుండి బయలుదేరి, గట్టు గట్టునకు యంత్రము దించుకొనుచు పోయి, మరల బయలుదేరిన బెంచిమార్కునకే వచ్చి లెక్క ముగింపవలెను. ముగింపున తేడా హద్దు మీరెనా, ఆ దినము పనియంతయు కొట్టివేసి మరునాడు మొదటికి రావలెను. కొలబద్ద బురదలో దిగబడకుండ దాని మడమక్రింద ఇనుపపళ్లెము వేయించెడివాడను. ఎండకు సొమ్మసిలిన కూలివాడు ఒక్కచోట పళ్లెము మరచి బద్ద నిలిపెనా, అది నాలుగంగుళములు దిగిన, కాంటూరు ఒక ఫర్లాంగు జరిగిపోవును. ఆ నేల అంత సమతలము.

మేనల్లుడు: మీరు చెప్పినది నిజము. మైలవరము కొండలలోను, తమ్మిలేటి ఎగువనను నేల పదులకొలది మీటర్లు వాలును గనుక, అచ్చట ఏ వాన ఏ వాగున పడునో మా పటము చక్కగా చెప్పును. సరస్సు గర్భమునకు అది చాలదు. విమానమునుండి లేజరు కిరణములతో కొలుచు లైడార్ అను పద్ధతి కలదు. దానిలో తప్పు జానెడు లోపుననే ఉండును. దానిని మీ లెవెలుతో అక్కడక్కడ సరిచూచిన చాలును. కాని, పటమున తప్పున్నదని పటమునే మానివేసిన దారి ఏది? 2001 ఫిబ్రవరినాటి ఉపగ్రహచిత్రమును ఆంధ్ర విశ్వకళాపరిషత్తు శాస్త్రజ్ఞులు పరిశీలించి, 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో నూటికి సుమారు 42 పాళ్లు చేపలచెరువులే ఆక్రమించినవనియు, వాని సంఖ్య వేయికి పైబడినదనియు, కలుపులేని నిర్మలజలము చూచుటకైనను మిగులలేదనియు వెల్లడించిరి. ఆ మాట గట్టుమీద నిలుచుండి చెప్పగలవా రుందురా? ఎవని చెరువు వానికి తెలియును గాని, అన్ని చెరువులు కలసి సరస్సును ఏమి చేసినవో ఆకాశమునుండి చూచినప్పుడే తెలిసినది.

మేనమామ: ఆ చిత్రమునకు నేనును నమస్కరింతును. కాని నీ మాటలోనే చూడుము: వారికి సరస్సు 245, గెజెట్టునకు 308. రెండును అయిదవ కాంటూరు పేరనే చెలామణి యగుచున్నవి. నడుమనున్న అరువదిమూడు చదరపు కిలోమీటర్లలో పొలమున్న రైతు ఏ అంకెను నమ్మవలెను?

మేనల్లుడు: సన్నని గీత గీయుటయే దానికి కారణము. కొలతలో తప్పెంతయో అంత వెడల్పుగల పట్టీగా గీయవలెను. ఈ పట్టీకి లోపల నిస్సందేహముగా సరస్సు, వెలుపల నిస్సందేహముగా పొలము, పట్టీలో ఉన్నది మాత్రము నేలపై దిగి తేల్చుకొనవలసినది అని ఆ పటముమీదనే వ్రాయవలెను.

మేనమామ: చట్టము పట్టీని ఒప్పుకొనదు. యంత్రముతో గట్టు తెగగొట్టవచ్చినవానికి గీత కావలెను.

ఇచ్చట నా మాట ఒకటి చెప్పవలసియున్నది. సన్నగా గీచిన గీతయందు ఒక ధీమా కనబడును. దానిని చూచినవాడు దాని వెనుక అంత కచ్చితమైన కొలత ఉన్నదని నమ్మును. ఒక కుటుంబము జీవనాధారమును ఆ గీత నిర్ణయించుచున్నప్పుడు, కొలతలో ఎంత సందేహమున్నదో పటముపై వ్రాయకుండుట శాస్త్రలోపము మాత్రమే కాదు, అన్యాయము. ఈ విషయమున నేను మేనల్లుని పక్షము. పట్టీలో పడిన నేలకు తొలుత లెవెలు, పిమ్మటనే యంత్రము అని చట్టముననే వ్రాయుట అసాధ్యమని నాకు తోచదు.

మేనమామ: ఇంకొకటి. నీ పటము నీరు పల్లమునకే పారునని నమ్మును. కొండలలో అది నిజము. డెల్టాలో నీరు లస్కరు షట్టరు ఎత్తినవైపు పారును. ఎనికేపాడువద్ద బుడమేరు ఏలూరు కాలువ అడుగునుండి అండర్ టన్నెలులో దాటిపోవును. ఆకాశమునుండి చూచినవానికి కాలువ గట్టు అడ్డుగోడవలె కనబడును. దాని క్రిందనున్న దారి కనబడదు. నీ కంప్యూటరు ఆ నీటిని ఎటు మళ్లించును? మూడు గజముల వెడల్పున్న చేపలచెరువు గట్టు, ఇరువదిమూడు మీటర్ల చదరముగా నేలను చూచు ఉపగ్రహమునకు పట్టుబడునా? పట్టుబడని ఆ గట్టే నాలుగూళ్ల సార్వాను ముంచును.

మేనల్లుడు: నేడు మీటరు లోపుననున్న వస్తువును చూచు ఉపగ్రహములున్నవి. టన్నెళ్లు, తూములు, షట్టర్లు మాత్రము మీవంటివారు చెప్పినగాని మాకు తెలియవు. వానిని ఒక్కొక్కటిగా చేతితో ఎక్కింపవలసినదే. కాని 2024 సెప్టెంబరును తలచుకొనుడు. బుడమేటి మళ్లింపు కాలువకు గండ్లు పడి, విజయవాడ సింగ్‌నగరు పల్లములలో జనము రోజులకొలది నీటిలో చిక్కుకొనిన ఆ వేళ, ప్రకాశం బరాజువద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు పైబడి పారుచుండెను. మళ్లింపు కాలువ బరాజునకు ఎగువననే కృష్ణలో కలయును గనుక, నది నిండియున్నప్పుడు బుడమేటి నీటికి అచ్చట చోటు లేదు. నదియు వాగును ఒకేసారి పొంగిననాడు ఆ నీరు ఎచ్చటికి పోవునో ఎత్తుల పటముపై ముందే గుర్తింపవచ్చును. మబ్బులు కమ్మియున్నప్పుడు సైతము రాడారు ఉపగ్రహములు ముంపును చూడగలవు. ముంపు ఎంతవరకు వచ్చెనో ప్రతియేట భద్రపరచి, ఆ పొరను ఇండ్ల అనుమతుల పొరపై పరచియుండిన, ఆ పల్లములలో అన్ని ఇండ్లు లేచెడివా?

మేనమామ: ఇండ్లు లేచినది పటము లేక కాదు నాయనా. బుడమేరు ఎటు పారునో బెజవాడలో తెలియనివాడు లేడు. బీదవాని చేతికందు ధరకు దొరకిన నేల అదొక్కటే.

ఈ మాటకు మేనల్లుడు వెంటనే బదులు చెప్పలేదు. నాకును దీనికి మంచి సమాధానము కనబడదు. చవుకయైన నేల ముంపు నేలయే యగుట పరీవాహక ప్రణాళికలలో ఒక పొరగా ఎన్నడును చేరదు. చేరవలసినవానిలో అది మొదటిదని నా నమ్మకము.

మేనల్లుడు: అయిన, కోరికలు పెక్కు, నేల ఒక్కటి. తూకము వేయక తప్పదుగదా. వరదకు ఇన్ని పాళ్లు, సాగునకు ఇన్ని, చేపలకు ఇన్ని, పక్షులకు ఇన్ని అని మొత్తము నూరు పాళ్లను పంచి, ప్రతి చదరమునకు లెక్కగట్టుదుము. ఏ చదరము దేనికి తగినదో రంగులలో తేలును.

మేనమామ: పక్షుల పాలు ముప్పదినుండి ఇరువదికి దింపిన, ఆటపాక దాపుననున్న పచ్చరంగు ఎరుపగును. నేలలో ఏమియు మారలేదు. గూడబాతులు గూటిలోనే ఉన్నవి. పటము మాత్రము మారినది. ఆ అంకెను దింపినచేయి ఎవరిదో పటములో కనబడదు. పెద్దల యిష్టమును గణితముగా చూపించుటకు ఇంతకంటె సులభోపాయము లేదు.

మేనల్లుడు: అంకెలు లేనప్పుడును తూకము జరిగినది మామయ్యా. 1970ల నడుమ ప్రభుత్వమే సరస్సు నేలను సహకారసంఘములకు చేపలచెరువులుగా ఇచ్చినప్పుడు, పక్షికి సున్న, ఎగువ పొలముల మురుగునకు సున్న. 2006లో గట్లు తెగగొట్టినప్పుడు, ఆ చెరువులపై కూలికి బ్రతికినవానికి సున్న. ఆ సున్నలను ఎవరును ఎచ్చటను వ్రాయలేదు గనుక వానిని ప్రశ్నించుటకు చోటు లేకపోయినది. వ్రాసిన అంకెను నిలదీయవచ్చును; కైకలూరులో సభపెట్టి, అంకెను వారియెదుటనే మార్చి, ఏ ఊరి రంగు ఎట్లు మారునో చూపవచ్చును.

మేనమామ: నీ మాటలో న్యాయమున్నది, కాదనను. కాని అన్నిటిని ఒకే తక్కెడలో వేయరాదు. నేల వెల హెచ్చెనని, రాబడి హెచ్చెనని, ఆ హెచ్చును కూడి వరదదారిలో ఇల్లు కట్టవచ్చునని నీ లెక్క తేల్చెననుకొనుము. పది లాభములు కూడి ఒక ప్రాణమును మించిపోవును. అట్టి కూడిక తప్పు.

మేనల్లుడు: అందుకే కొన్నిటిని తూకమునకే తేము. వరద పారుదారి, ఉప్పుటేటి ముఖము, మంచినీటి చెరువు: వీనిని మొదటనే పటమునుండి తీసివేసి, మిగిలిన నేలపైననే తూకము వేయవలెను. తీసివేయవలసినవానిని తూకములోనికి తెచ్చుటయే పెక్కు ప్రణాళికలలో జరుగుచున్నది. అది సాధనము దోషము కాదు.

మేనమామ: అట్లయిన నాకు కావలసినది ఇంకొక్కటి. నీ పటమునకు తేదీ ఉన్నది, కాలము లేదు. ఫిబ్రవరిలో తీసిన చిత్రమున ఒక ఎకరము పొలముగానో నీరుగానో ఒక్కటే కనబడును. మా చిన్ననాడు ఆ ఎకరము రెండును. శ్రావణ భాద్రపదములలో అది నిండుసరస్సు. పట్టా లేనివాడు సైతము వలయో వెదురు ఊతయో చేతబట్టి కొర్రమీనో మట్టగిడసయో పట్టుకొని బ్రతికెడివాడు. నీరు తీయగా అచ్చటనే వరి వేసెడివారు. ఆ నీరు తీసిన అంచులలో పక్షులు మేసెడివి. నాలుగు కోరికలు ఒకే నేలపై వంతులవారీగా తీరెడివి. చేపలచెరువు గట్టు వచ్చి ఆ వంతులను తీసివేసినది. బొచ్చె, శీలావతి పెంచు చెరువులో ఏడాది పొడుగున నీరుండవలెను; ఆ నీరు ఒక్కనిది. కొల్లేటి తగవు అచ్చట పుట్టినది. ఏ కాంటూరున గీత గీచినను, గట్లున్నంతకాలము ఆ వంతులు తిరిగి రావు.

మేనల్లుడు: మామయ్యా, ఇదే మా సాధనము అన్నిటికంటె బాగుగా చేయగల పని. యాభైయేండ్లుగా ఉపగ్రహములు తీసిన చిత్రములున్నవి. వానిని నెలనెలకు పేర్చి చూచిన, ప్రతి చదరము ఏడాదిలో ఎన్ని నెలలు నీటిలో నుండునో, ఆ లెక్క దశాబ్దమునుండి దశాబ్దమునకు ఎట్లు మారినదో చెప్పవచ్చును. అప్పుడు ఒక గీతకు బదులు పండ్రెండు నెలల పటములు గీయుదుము. జూన్ నుండి నవంబరు వరకు ఈ మేర నీటిది, అడ్డుగట్టు ఉండరాదు. డిసెంబరు మొదలు ఈ అంచు దాళ్వాది. లోపలి నడిగర్భము ఎల్లకాలమును సరస్సుది. పట్టా ఉన్నవానికి పట్టాయు నిలుచును. గట్టు మాత్రము ఉండదు.

మేనమామ: గట్టు లేని పట్టాకు బేరము పలుకదు. చేపలపై బదులుతెచ్చి పెట్టుబడి పెట్టినవాడు ఒప్పుకొనునా?

మేనల్లుడు: ఒప్పుకొనకపోవచ్చును. అతనికి ఎంత నష్టమో, ఆ గట్టువలన ఎగువ ఊళ్ల సార్వాకు ఎంత నష్టమో ఒకే పటముపై ప్రక్కప్రక్కన వ్రాయగలను. నష్టపరిహారము అడుగుటకైనను, ఇచ్చుటకైనను ఆ లెక్క కావలెను.

మేనమామ: పట్టా లేక ఊతతో పట్టుకొనువానిని ఆ లెక్కలో ఎచ్చట వ్రాయుదువు? ఆకాశమునుండి వానికి ఆకారము లేదు. వానికి సర్వేనంబరు లేదు.

మేనల్లుడు: ఊళ్లవారితో కూర్చుండి గీయింతుము. ఏ నెలలో ఎచ్చట వల వేయుదురో, ఏ కోడున చేప ఎక్కివచ్చునో, ఏ దారిన పడవ పోవునో వారే చూపుదురు; దానిని పొరగా ఎక్కింతుము.

మేనమామ: జాగ్రత్త నాయనా. వాడు నమ్మి చూపిన చోటు, రేపు అభయారణ్యములో అక్రమముగా చేపలు పట్టు చోటుగా కాగితము కెక్కగలదు. ఆ పొర ఎవరి యధీనమున ఉండవలెనో ముందు తేల్చి, పిమ్మట వానిని అడుగుము.

ఇంతవరకు సాగిన వాదమున ఇరువురును ఒకచోటికి వచ్చిరని నాకు అనిపించినది. కాని పని ఎచ్చట మొదలిడవలెనన్నచోట మరల విడిపోయిరి. మేనల్లుడు మైలవరము కొండలనుండి దిగవలెననెను. ఎగువన వాన నిలుపక దిగువన ఎంత కొలిచినను ఫలము లేదని అతని వాదము. మేనమామ సముద్రమునుండి ఎక్కవలెననెను: ఉప్పుటేటి ముఖమునుండి వంతెన వంతెనకు, పూడికను, వెడల్పును, లెవెలును కొలిచికొనుచు సరస్సువరకు రావలెననియు, నీరు బయటికి పోవు దారి ఎంతయో తెలియక లోపల ఎంత నీరుంచవలెనో నిర్ణయించుట వ్యర్థమనియు, 1964 వరదల పిమ్మట డెల్టా మురుగును పరిశీలించిన మిత్రా సంఘమునాటినుండియు ఉప్పుటేటి ఇరుకే చర్చలో నున్నదనియు ఆయన పట్టుపట్టెను.

మేనల్లుడు: వేసవిలో ఉప్పునీరు ఎగదన్నకుండ రెగ్యులేటరు కట్టవలెనన్న కోరికయు అచ్చటనే ఉన్నదిగదా. అది కట్టిన సరస్సున మంచినీరు నిలుచును. వరదనాడు షట్టరు ఎత్తుట ఒక గడియ ఆలస్యమైన ఎగువ పొలము మునుగును. దీనిని మీరు ఎట్లు తూచెదరు?

మేనమామ: దానిని నేను తూచను. ఉప్పుటేటిమీద లెవెలు పట్టించి తెమ్ము. ఆ అంకెలు చేతికి వచ్చిన పిమ్మట అడుగుము.

మేనల్లుడు: పట్టించెదను. పళ్లెము వేయించుటకు మీరు రావలెను.